చెవి దగ్గర పుట్టిన మాట

మిర్యాలగూడలో మా పక్కింటాయన రోజూ పొద్దుగూకే వేళ, రైస్ మిల్లు నుంచి తెచ్చిన ఊకలో వేపాకు వేసి ఇంట్లో పొగపెడతాడు. తలుపులన్నీ మూసి, మా వంటింటి వైపు కిటికీ ఒక్కటే తెరుస్తాడు. వాళ్ల దోమలన్నీ మా ఇంట్లోకి వస్తాయి. ఎన్నిసార్లు చెప్పినా నవ్వి ఊరుకున్నాడు. చివరికి నాకు డెంగీ వచ్చి సూర్యాపేట దవాఖానలో పడ్డాను. సెలైన్ సీసా చూస్తూ దోమను కాదు, ఆయన్నే తిట్టుకున్నాను.

మంచం పక్కన కూర్చున్న మా అమ్మాయి ఫోన్లో చూసి ఒక సంగతి చెప్పింది. ఇటలీలో దోమను జంజారా అంటారట. చెవి దగ్గర అది చేసే రొదను పాతకాలం లాటిన్ వాళ్లు అనుకరిస్తే పుట్టిన మాటట. అంత జ్వరంలోనూ ఆ మాటను దాచుకున్నాను.

ఇంటికి రాగానే బస్తాడు ఊక తెప్పించాను. ఇప్పుడు ఆయనకంటే అరగంట ముందే పొగపెట్టి, ఆయన వైపు కిటికీ తెరిచి, దోమలు వెళ్లాక గట్టిగా మూసేస్తున్నాను. నాలుగోరోజు ఆయన గోడ దగ్గరికి వచ్చాడు.

“ఏందక్కా గిట్ల చేస్తున్నవ్? చెవుల కాడ ఒకటే రొద” అన్నాడు.

“ఇటలీల దాన్ని జంజారా అంటరట తమ్మీ. ఆ రొదలకెల్లి పుట్టిన మాటట. జర చెవి పెట్టి ఇను, నిజమో కాదో రేపు చెప్పు” అన్నాను.