మాటల్లేని వేషం

నర్సింగ్ స్కూల్లో అందరూ ఆమెను చరిత్ర మేడమ్ అంటారు. కొత్తగా చేరిన పిల్లలకు నర్సుల చరిత్ర చెప్పేది ఆమే. వాళ్ళు ఆవలిస్తూ వింటారు. పరీక్షకు వచ్చే ముక్కేదో ముందే చెప్పేయమంటారు. చెప్పీ చెప్పీ ఆమెకూ విసుగు పుట్టింది.

ఏటా ఆ పాఠాన్నే నాటికగా వేయిస్తారు. ఎర్రగా బుర్రగా ఉన్న అమ్మాయి దీపం పట్టుకున్న దొరసాని అవుతుంది. నల్లగా ఉన్నవాళ్ళూ మగపిల్లలూ మంచాల మీద మూలగాలి. చదువుకునే రోజుల్లో మేడమ్ కూడా దుప్పటి కప్పుకుని మూలిగింది. టీచరయ్యాక తనూ అలాగే వేషాలు పంచింది. ఎవరితోనూ గొడవపడే ఓపిక లేకపోయింది.

ఉద్యోగానికి ఇదే ఆఖరి ఏడు. అందుకని నాటిక కొత్తగా రాసింది. మగ నర్సుకో వేషం, మంత్రసానికో వేషం, చివరి రంగం ఆయాది. మేడమ్ తల్లి ఈ స్కూలున్న ఆసుపత్రిలోనే ఆయాగా చేసింది. చీము గుడ్డలు ఉతికింది, రోగుల ఒళ్ళు తుడిచింది, ప్రాణం పోయేవాళ్ళ చెయ్యి పట్టుకుని కూర్చుంది. స్కూలు గోడ మీది ఫోటోల్లో మాత్రం ఎక్కడా లేదు. తాను దిగిపోయేలోగా అమ్మను ఒక్కసారి స్టేజీ ఎక్కించాలని మేడమ్ పంతం.

ప్రిన్సిపాల్ కాగితాలు తిప్పి నవ్వింది.

"చరిత్ర రాయమంటే స్టాఫు మొత్తాన్నీ దింపారేంటి మేడమ్? వాచ్‌మన్ ఏం పాపం చేశాడు?"

"మిగతావి తీసేయండి. ఆయాను ఉంచండి చాలు."

"సరే, దొరసాని రంగంలోనే ఓ మూల ఉండనివ్వండి. డైలాగులు మాత్రం వద్దు. ముఖ్య అతిథికి అంత టైం లేదు."

మగ నర్సు వేషం పోయిన కుర్రాడు మొహం వేలాడేశాడు.

"మళ్ళీ మూలగాలా మేడమ్?"

"మూలుగు నాయనా. నేనూ అలా మూలిగే పైకొచ్చాను."

నాటిక రోజున ఆయా వేషం వేసిన పిల్లకు మేడమ్ తన అమ్మ పాత చీరే కట్టించింది. దొరసాని దీపంతో తిరుగుతుంటే చప్పట్లు మోగాయి. ఆయా ఓ మూల మంచం దగ్గర కూర్చుని రోగి పాదాలు తుడుస్తోంది. ముందు వరసలోని ముఖ్య అతిథి ఆమెకేసి చిటికేశాడు.

"ఏమ్మా, కొంచెం మంచినీళ్ళు తీసుకురా."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పిల్ల లేవబోయింది. తెర పక్క నుంచి మేడమ్ వద్దని తల ఊపింది. తనే గ్లాసు నింపి, మోకాళ్ళ నొప్పితో మెట్లు దిగి ఆయన చేతికిచ్చింది.

"ఆవిడ పనిలో ఉన్నారు సార్. మా అమ్మ."

ఆయనకేమీ అర్థం కాలేదు. నీళ్ళు తాగి వాచీ చూసుకున్నాడు. ప్రిన్సిపాల్ కొరకొరా చూసింది.

మర్నాడు క్లాసులో వెనక బెంచీ నుంచి ఓ అమ్మాయి లేచింది.

"మేడమ్, ఆ ఆయా గురించి పరీక్షకు వస్తుందా?"

"రాదు."

మేడమ్ కుర్చీలోంచి లేవలేదు. కాళ్ళు పీకుతున్నాయి.

"రాకపోయినా రాసుకోండి," అంది.

కొందరు రాసుకున్నారు.