నీలోఫర్ మొదటి పేపరు

గుడివాడలో మీరా సాహెబ్ కూతురు నీలోఫర్ జనరల్ మెడిసిన్‌లో ఎండీ చదువుతోంది. ఆమె సెలవులకి వస్తోందంటే చాలు, వీధిలో వాళ్ళంతా తమ ఆయాసాలూ కీళ్ళనొప్పులూ ఆమెకి చూపించుకోవడానికి దాచిపెట్టుకుని కూర్చుంటారు. అలాంటి పిల్ల పరీక్ష తప్పిందంటే ఎవరికీ మింగుడుపడలేదు. తప్పింది కూడా రోగులకి వైద్యం చేసే దగ్గర కాదు, మొదటి పేపరులో. ఒంట్లో ఏది ఎందుకు జరుగుతుందో, ఏ మందు ఏ కారణంగా పనిచేస్తుందో అడిగే పేపరది.

వాళ్ళ ప్రొఫెసరు సత్యానందం గారు పిలిచి మందలించారు. "ఏం చెయ్యాలో చక్కగా రాశావమ్మా. ఎందుకని అడిగిన చోటల్లా పుస్తకం అప్పజెప్పావు."

ఆరునెలల తర్వాత మళ్ళీ రాయాలి. ఈసారీ పోతే ఎండీ మానేసి ఏదో ఒక ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా చేరిపోదామని నీలోఫర్ లోలోపల తేల్చేసుకుంది. ఇంట్లో చెప్పలేదు.

చదువుకోవడానికి ఇంటికొస్తే, నానమ్మ, అంటే దాదీ ఖైరున్ బీ, చిక్కుడుకాయలు ఒలుస్తూ ఎదురుగా కూర్చునేది. ఏం చదువుతున్నావని అడిగేది. ఒంట్లో ఉప్పు బాగా పడిపోయిన మనిషికి దాన్ని మెల్లగా పెంచాలని, గబగబా పెంచితే మెదడు దెబ్బతింటుందని ఒకరోజు నీలోఫర్ చెప్పింది.

"కూరలో ఉప్పు తగ్గితే వెంటనే వేస్తాం కదే. మనిషికి మాత్రం ఎందుకాగాలి?"

నీలోఫర్ పుస్తకంలో ఉన్న నాలుగు వాక్యాలూ గుక్కతిప్పుకోకుండా చెప్పింది. దాదీ శ్రద్ధగా విని, ఇంకో కాయ చేతిలోకి తీసుకుంది.

"అది సరేలే. ఎందుకూ?"

నీలోఫర్ ఒళ్ళు మండి లోపలికెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారుతుండగా అబ్బా మీరా సాహెబ్‌ని స్కూటీ మీద నందివాడ తీసుకెళ్ళాల్సొచ్చింది. ఆయన పని చెరువుల్లో రొయ్య పిల్లల్ని వదలడం. మోకాలు వాచి రెండు రోజులుగా బండి నడపలేకపోతున్నాడు.

రొయ్య పిల్లల్ని పొదిగించే హేచరీ నుంచి వచ్చిన సంచుల్లో కంటికి ఆననంత పిల్లలు. మీరా సాహెబ్ ముందు సంచుల్ని అలాగే చెరువులో తేలనిచ్చాడు. తర్వాత వాటిని తొట్లలోకి వంచి, చెరువు నీళ్ళు ఒక మగ్గు పోసి ఆగాడు. చూశాడు. ఇంకో మగ్గు పోశాడు. ఎండెక్కింది. ఒకేసారి వదిలెయ్యకూడదా అని నీలోఫర్ విసుక్కుంది.

కొత్తలో తనూ అలాగే ఒకసారి గుమ్మరించానని, మర్నాటికి చెరువంతా చచ్చిన పిల్లలు తెల్లగా తేలాయని ఆయన చెప్పాడు. "హేచరీ నీళ్ళలో ఉప్పెక్కువ బేటా. ఆ ఉప్పుకి పిల్ల ఒళ్ళు సర్దుకుని ఉంటుంది. మళ్ళీ సర్దుకునే టైమివ్వకుండా మారిస్తే, చెరువు నీళ్ళు మంచివైనా సరే, చచ్చిపోతుంది."

నీలోఫర్ గట్టు మీద అలాగే కూర్చుండిపోయింది. తక్కువ ఉప్పుకి మెదడు కూడా అలాగే సర్దుకుని ఉంటుంది. లోపల దాచుకున్న లవణాల్లో కొంత బయటికి పంపేసి బతుకుతుంది. చుట్టూ ఉప్పు ఒక్కసారిగా పెరిగితే, పంపేసింది మళ్ళీ తెచ్చుకునేలోపే ఆ ఉప్పు మెదడులోని నీటిని లాగేస్తుంది. ఇక్కడ ఉప్పు తగ్గడం, అక్కడ పెరగడం, అంతే తేడా. ఆ నాలుగు వాక్యాలూ ఇదే చెప్తున్నాయి. నోటితో చదివింది గానీ, ఇన్నాళ్ళూ చూడలేదు.

ఇంటికెళ్ళి దాదీకి చెప్పింది. ఈసారి దాదీ ఎందుకని అడగలేదు. ఇంకోటి చెప్పమంది. ఆ రోజు నుంచి రోజుకో పాఠం దాదీ ముందు పెట్టి, ఆవిడ ఊరుకునేదాకా చెప్పేది. ఆవిడ అంత తొందరగా ఊరుకునేది కాదు.

పరీక్షలో ఉప్పు గురించి ఒక్క ప్రశ్నా రాలేదు. లివరు చెడిన మనిషికి కాళ్ళెందుకు వాస్తాయని వచ్చింది. నీలోఫర్ ప్రశ్న రెండుసార్లు చదివింది. అప్పుడు దాదీ ఎదురుగా కూర్చుందనుకుని, రక్తనాళంలో నీరు ఎందుకు నిలబడుతుందో అక్కణ్ణుంచి మొదలుపెట్టింది. మధ్యలో రెండు పదార్థాల పేర్లు గుర్తురాలేదు. వాటి పని మాత్రం రాసింది.

ఫలితాలొచ్చిన రోజు అబ్బాకి ఫోన్ చేసింది. ఎత్తాడు గానీ, పిల్లలింకా తొట్లోనే ఉన్నాయి, ఆగమన్నాడు. ఫోన్ గట్టు మీద పెట్టినట్టున్నాడు. నీళ్ళు పోసిన చప్పుడు. కాసేపటికి మళ్ళీ.

నీలోఫర్ ఫోన్ పెట్టెయ్యలేదు. పాసయ్యానన్న మాట నోట్లోనే ఉంచుకుని, నవ్వుకుంటూ, మగ్గులు లెక్కపెడుతూ నిలబడింది.