అడుగు దాకా తాగనిచ్చిన మనిషి

ఆ మనిషి పేరు నాకు తెలియదు. తెలిస్తే ఇక్కడే రాసేవాణ్ణి. 2009లో శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్ట్‌లోని జపనీస్ రెస్టారెంట్‌లో నా పక్క స్టూల్ మీద కూర్చున్నాడు. "తెలుగువాళ్ళేనా అండీ?" అని పలకరించాడు కూడా. పుట్టాక చేప ముట్టని నేను, మాంసం లేదు కదా అని వెయిట్రెస్‌ను గుచ్చి గుచ్చి అడిగి, కూరగాయల నూడుల్ సూప్ తెప్పించుకున్నాను. ఆకలి మీద గిన్నె ఎత్తి అడుగు దాకా తాగాను. అప్పుడు నోరు విప్పాడాయన.

"మీరు వెజ్ అని అడుగుతుంటే విన్నానండీ. ఆ సూప్ ఎండుచేప మరిగించిన నీళ్ళతో చేస్తారు."

"ముందే చెప్పొచ్చు కదా!"

"తింటున్నవాళ్ళని మధ్యలో లేపకూడదు కదండీ," అని మూతి తుడుచుకుని తన గేటుకి వెళ్ళిపోయాడు.

ఆ మర్యాద నాకింకా మింగుడుపడలేదు.

నిరుడు సన్నీవేల్ ఊళ్ళో ఇంకో జపనీస్ రెస్టారెంట్‌లో ఒక తెలుగు అమ్మాయి అలాంటి గిన్నే ఎత్తబోతుంటే పక్క టేబుల్ నుంచి అరిచాను. "ఆగమ్మా! అందులో చేప ఉంది!"

"తెలుసు అంకుల్. అందుకే ఆర్డర్ చేశాను."

రెస్టారెంట్ అంతా నావైపు చూసింది. చూడనీ. గుటక పడకముందే చెప్పాను.