దక్షిణపు గోడ

చనిపోయిన రోజు పొద్దున మా బావ దేవేంద్రప్ప దోసెను రెండు చేతులా పట్టుకుని, కిటికీలోంచి వచ్చే ఎండకు ఎదురుగా ఎక్స్‌రే ఫిలింలా ఎత్తి చూశాడు. "ఎడమ పక్క కింద మచ్చ ఉండాది. ఇది పనికిరాదు, ఇంగోటి పోసుకురా" అన్నాడు. మా అక్క సుబ్బరత్నమ్మ ఇంకొకటి పోసుకొచ్చింది. దాన్నీ ఎండకు ఎత్తి చూసి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని ఒప్పుకుని, సగం తిని పక్కన పెట్టాడు. మధ్యాహ్నానికి పోయాడు. ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు. రక్తం పలచబడే జబ్బు అన్నారు. ఎక్స్‌రే వల్ల వచ్చిందా అని అడిగితే డాక్టర్లు అవునని అనలేదు, కాదనీ అనలేదు.

దినకర్మ కాకముందే కర్నూలు పెద్దలు సంతాప సభ పెట్టారు. బతికున్నంత కాలం ఆయనకు కమిటీ గదిలో కుర్చీ వేయనివాళ్లు, పోయాక పందిరే వేశారు. నూనె మిల్లు పుల్లయ్య కండువాతో కళ్లు ఒత్తుకుంటూ, దేవేంద్రప్ప నిగర్వి, మృదుభాషి అని చెప్పాడు. నేను ఇంటికొచ్చి ఆ మాట చెబితే, అన్ని రోజుల తరువాత మా అక్క మొదటిసారి నవ్వింది.

మా బావంత గర్విష్ఠిని నేను ఇంకొకణ్ణి చూడలేదు. తనకు తెలిసింది ఎదుటివాడికి తెలియకపోతే దాన్ని వాడి తప్పుగా చూసేవాడు. నేను మునిసిపల్ బడిలో తెలుగు చెబుతాను కాబట్టి నన్ను మనిషిగా కాక వ్యాకరణంగా లెక్కించేవాడు. బావా బామ్మర్దులం కనుక నేనూ తక్కువ తినలేదు. సభలో చెప్పిన ఆ మెతక మనిషి ఎవరో నాకు తెలియదు. నాకు తెలిసినవాణ్ణి గురించి రాస్తున్నాను.

ఆయనది ఆలూరు పక్క నల్లరేగడి పల్లె. తండ్రి అయ్యన్న కొడుకును మద్రాసుకు పంపింది ఇంజనీరు చేద్దామని. అప్పుడు తుంగభద్ర కాలువ పనులు జోరుగా సాగుతున్నాయి. ఇంజనీరు జీపు దిగితే ఊరి రెడ్డి కూడా లేచి నిలబడేవాడు. అయ్యన్న కన్న కల ఆ జీపే. కొడుకు కరెంటు ఇంజనీరింగు పూర్తి చేశాడు గాని, ఆఖరి ఏడు దగ్గు పట్టి పెద్దాసుపత్రికి పోయాడు. అక్కడ తన ఛాతీ ఫిలిం చూసి, దగ్గు సంగతి మరిచిపోయి యంత్రం సంగతి పట్టుకున్నాడు. ఇక ఆసుపత్రి యంత్రాల చదువే చదువుతానన్నాడు.

అట్లాంటి చదువు యూనివర్సిటీలో లేదు. వైద్యుల దగ్గరికి పోతే నువ్వు ఇంజనీరువి పొమ్మన్నారు. ఇంజనీర్ల దగ్గరికి పోతే ఇది వైద్యం పొమ్మన్నారు. రెండు పెద్ద చదువుల మధ్య ఒక బల్ల వేసే చోటు కూడా లేదు. చివరికి ఎక్స్‌రే డాక్టరుగారు ఒకాయన జాలి పడి, తన క్లాసులో వెనక నిలబడి వినమన్నాడు. మా బావ నిలబడే చదివాడు. పగలు పాఠం వినడం, సాయంత్రం చెడిపోయిన యంత్రాలు విప్పడం. ఆ సంగతి తెలిసి అయ్యన్న మద్రాసుకు రైలెక్కి పోయి అడిగాడు.

"ఇంజనీరంటే కాలవ తవ్వల్ల, కట్ట కట్టల్ల. మనుషుల ఎముకలు చూసేదానికి ఇంజనీరు ఎందుకురా? మన సుడుగాడుకు పోతే ఊరికే కనపడ్తాయి గదా."

మా బావ తండ్రి మాట వినలేదు. తిరిగి వచ్చేటప్పుడు గురువుగారు ఇచ్చిన సీసపు అంగీ ఒకటి తెచ్చుకున్నాడు. రబ్బరులో సీసం కలిపి చేసిన బూడిద రంగు అంగీ, మెడ నుంచి మోకాళ్ల దాకా వేలాడుతుంది. దూడను మోసినంత బరువు. కిరణాలు దాన్ని దాటి పోలేవట. కర్నూలు ఎండలో అది తొడుక్కుని ఫోటో కూడా తీయించుకున్నాడు. అది చూసినవాళ్లు, సారు ఎనుము తోలు కప్పుకున్నాడన్నారు. ఆయన వాళ్లకు బదులు చెప్పడం కూడా దండగ అనుకున్నాడు.

అప్పుడు కర్నూలు రాజధాని. సర్కారు డేరాల్లో ఉండేది. ఊరి పెద్దలకు మంత్రుల పక్కన నిలబడే సరదా పుట్టి, చందాలు వేసుకుని ఛాతీ జబ్బుల ఆసుపత్రి ఒకటి కట్టారు. ఎక్స్‌రే యంత్రం తెప్పించారు. దాన్ని నడిపేవాడు చుట్టుపక్కల మా బావ ఒక్కడే. గది కొలతలు ఆయనే గీశాడు. రోగి గోడ వైపు తిరిగి, ఛాతీని ఫిలిం స్టాండుకు ఆనించి నిలబడాలి. వెనక నుంచి కిరణం వస్తుంది. ఒంటిని దాటి, ఫిలింను దాటి, గోడలోకి పోతుంది. ఆ గోడలో సీసపు రేకు ఉండాలి. దక్షిణం వైపు మనుషులు తిరగని ఖాళీ స్థలం కాబట్టి దక్షిణపు గోడలో రేకు పెట్టించి పూత పూయించాడు. పూత మీద పుల్లయ్య తన తండ్రి పేరు చెక్కిన కడప బండ అతికించాడు.

ప్రారంభం రోజు మొదటి ఫోటో తనదే కావాలని పుల్లయ్య పట్టు. మంత్రిగారి ముందు చొక్కా విప్పి నిలబడ్డాడు. మా బావ ఆయన భుజాలు సర్ది, ఊపిరి బిగబట్టమన్నాడు. పుల్లయ్య బిగబట్టినట్టే బిగబట్టి వదిలేశాడు.

"ఇది ఏ దిక్కప్పా?"

"దక్షిణం."

"యముని దిక్కుకు మొగం పెట్టించి ఊపిరి బిగబట్టమంటాండావు. ఇంగ పాడె ఒకటే తక్కువ."

ఫిలిములు కడిగే ఇమామ్ ముందుకొచ్చి, "మాకు పడమర ఒకటే లెక్క. మిగతా దిక్కులన్నీ సర్కారువే. నన్ను నిలబెట్టు సార్" అన్నాడు. ఆసుపత్రిలో మొదటి ఫోటో ఇమామ్‌దే.

కానీ మాట ఊరంతా పాకింది. దగ్గే ముసలివాళ్లు గడప దాకా వచ్చి, ఏ దిక్కని అడిగి వెనక్కి పోయేవాళ్లు. కమిటీ కూర్చుని, స్టాండు తూర్పు గోడకు మార్చాలని తీర్మానించింది. తూర్పు గోడ ఒట్టి ఇటుక గోడ. దాని వెనక గోషా గది. పరదా పాటించే తురక ఆడవాళ్లు మొగుళ్ల కోసం, తండ్రుల కోసం పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూచునే గది.

మా బావ కమిటీ ముందు నిలబడి చెప్పాడు. ఆ కిరణం ముందు ఇటుక గోడ పలచని చీర లాంటిదన్నాడు. దినమూ ఎదురుగా కూచుంటే రక్తానికి, కడుపులో బిడ్డకు చెరుపన్నాడు. కమిటీ నిజంగానే కంగారు పడింది. అయితే కంగారు వేరే దాని గురించి. గోడ దాటి కిరణం పోతే, లోపలున్న గోషా ఆడవాళ్ల ఫోటోలు పడతాయా అని ఒక పెద్దమనిషి అడిగాడు. ఆ గదిలో ఫిలిం లేదు కదా, పడవని మా బావ చెప్పాడు. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

"ఫోటో పడదంటివి గదా. ఇంగేం బాధ?" అన్నాడు పుల్లయ్య.

దక్షిణపు గోడలోని రేకు పెరికి తూర్పు గోడకు వేద్దామన్నాడు మా బావ. తండ్రి పేరున్న బండ పగలగొట్టడం అరిష్టమని పుల్లయ్య ఒప్పుకోలేదు. పోనీ గోషా గదినే మార్చమన్నాడు మా బావ. సందులోకి విడిగా తలుపున్నది ఆ గది ఒక్కటే కాబట్టి మార్చడం కుదరదన్నారు. స్టాండు తూర్పుకు పోయింది. దాని పైన ఉదయించే సూర్యుడి పటం పుల్లయ్య స్వయంగా తగిలించాడు. రోగులు సూర్యుణ్ణి చూస్తూ ఊపిరి బిగబట్టారు. సీసపు రేకు పుల్లయ్య తండ్రి పేరును కాపాడుతూ దక్షిణాన ఉండిపోయింది.

ఆ ఏడంతా మా బావ కమిటీని తిట్టాడు. భోజనం దగ్గర తిట్టాడు, బజారులో తిట్టాడు. కొన్నాళ్లు యంత్రం చెడిందని చెప్పి ఫోటోలు ఆపాడు. నెత్తురు కక్కే మనుషులు ఎడ్లబండ్లలో వచ్చి తిరిగిపోతుంటే అదీ చూడలేక మళ్లీ మొదలుపెట్టాడు. రాజధాని హైదరాబాదుకు పోయింది. మంత్రులు లేని ఊళ్లో పెద్దలకు ఆసుపత్రి మీద మోజు తీరింది. కొత్త రేకు అడిగేందుకు కమిటీ కూడా సరిగా కూడేది కాదు.

ఆ తరువాత ఒకనాటి నుంచి మా బావ ఆ సంగతి ఎత్తడం మానేశాడు. సీసపు అంగీ తొడుక్కోవడమూ మానేశాడు. యంత్రం మీట ఆ గదిలోనే ఉంటుంది. ఒట్టి చొక్కాతో దాని పక్కన నిలబడి నొక్కేవాడు. నేను ఊరుకుంటానా.

"ఏం బావా, ఎనుము తోలు యాడ పోయె?" అన్నాను.

"ఈ ఎండకు పనికిరాదు. పెట్టెలో పడేసినా."

"అయితే పుల్లయ్య గెలిచినట్టే."

"గెలిచినాడు. వానికి తూర్పు దొరికె. నీకు నోటికి పని దొరికె. పోయి పిల్లోళ్లకు సంధులు చెప్పు పో."

మద్రాసులో నిలబడి చదివినవాడు కూడా చివరికి ఈ ఊరికి తగ్గట్టు కూర్చున్నాడని నేను అనుకున్నాను. ఊరు ఇంతకు ముందు చాలామందిని అట్లాగే కూర్చోబెట్టింది. రెండేళ్లకు ఆయన ఒంట్లో రంగు తగ్గింది. చిగుళ్లలోంచి నెత్తురు వచ్చేది. అప్పుడూ గర్వం తగ్గలేదు. రక్తం తీయడానికి వచ్చినవాడికి సూది పట్టుకోవడం ఎట్లాగో నేర్పాడు.

సంతాప సభలో చేసిన తీర్మానం ప్రకారం ఆయన ఫోటోను ఎక్స్‌రే గదిలో సూర్యుడి పటం పక్కన పెట్టాలి. అంగీ తొడుక్కుని తీయించుకున్న ఫోటోనే నేను ఫ్రేము కట్టించి తీసుకుపోయాను. గదికి సున్నం వేస్తున్నారు. స్టాండును గోడ నుంచి ముందుకు జరిపారు. దాని వెనక ఎప్పుడూ ఉండే నీలం గుడ్డను ఆయా సుంకమ్మ తీసింది. గుడ్డ కింద గోడకు మేకులు కొట్టి సీసపు అంగీ పరిచి ఉంది.

ఎప్పటి నుంచి ఉందని సుంకమ్మను అడిగాను.

"శానా దినాలాయెనప్పా. గోషా గదిలో నబీసా అని ఒకామె నిండు కడుపుతో ఈ గోడకే వీపు ఆనించి కూచునింటే, గోడ సల్లగుండాది సార్ అనె. అది ఇని సుత్తి తెమ్మన్యాడు."

అంగీ నాడాలు వదులుగా వేలాడకుండా, ఆయన మెడ వెనక వేసుకునే ముడితోనే పై మేకుకు కట్టి ఉన్నాయి.