కొట్టేసిన చెక్కు

ఆ మంగళవారం పొద్దున సంక్షేమ కార్యాలయం మూడో కౌంటరు దగ్గర బొత్తాలక్క తన చెవుల్ని తానే నమ్మలేకపోయింది. అద్దం వెనకాల కూర్చున్న గుమాస్తా మంచివాడే. ఆవిడ నింపి తెచ్చిన ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని మెచ్చుకున్నాడు కూడా. ఆ తర్వాతే అసలు బాంబు పేల్చాడు.

"దీనికి కొట్టేసిన చెక్కు ఒకటి జతచేసి శుక్రవారం లోపల ఇచ్చేయండమ్మా. వచ్చే నెల నుంచి డబ్బులు నేరుగా మీ ఖాతాలోనే పడతాయి."

"ఏం చెక్కు బాబూ?"

"కొట్టేసింది."

బొత్తాలక్క గొంతు తగ్గించింది. "మంచిది పనికిరాదా?"

"మంచిది మేం ముట్టుకోమమ్మా. కొట్టేసిందే కావాలి. అదే రూలు."

పోనీ ఎవరిది కొట్టేయాలో అయినా కనుక్కుందామని అడిగింది. మీదే కొట్టేయాలి, ఇంకొకరిది కొట్టేస్తే ఏం లాభం అన్నాడాయన, ఎంతో ఓపిగ్గా. వెనకాల వరసలో గొడుగు పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి, తానైతే పొద్దున్నే కొట్టేసి తెచ్చానని ఫైలు ఎత్తి చూపించాడు. ఆయన వెనకున్న ముసలావిడ, తనకు చెయ్యి వణుకుతుంది కాబట్టి కోడలు కొట్టేసి ఇచ్చిందని చెప్పుకుంది. కోడలి గురించి చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో ఎంత గర్వమో చెప్పలేం. ఇంతమంది దొంగల మధ్య ఎలా నిలబడ్డానురా భగవంతుడా అనుకుంటూ బొత్తాలక్క మెట్లు దిగింది.

ఆవిడ అంతగా బెంబేలెత్తిపోవడానికి కారణం ఉంది. ముప్పై ఏళ్ళుగా టైలరు షాపులో కాజాలూ బొత్తాలూ కుట్టడమే ఆవిడ పని. ఆవిడ చేతి మీదుగా ఎన్ని వేల బొత్తాలు వెళ్ళాయో లెక్కలేదు గానీ, ఒక్కటంటే ఒక్కటి ఇంటికి వెళ్ళలేదు. చొక్కాకి ఏడు కావాలంటే ఎనిమిది తెస్తారు కదా, ఆ ఎనిమిదోది అంచు లోపలివైపు మూడు కుట్లతో బిగించి, అది కూడా మీదేనండీ అని చెప్పి మరీ అప్పగిస్తుంది. ఊడిపోయిన బొత్తాం కోసం వెతుక్కుంటూ ఆరు నెలల తర్వాత వచ్చినవాళ్ళకి, డబ్బాలోంచి సరిగ్గా అదే తీసి ఇచ్చిన సందర్భాలున్నాయి. అలాంటి మనిషిని పట్టుకుని ప్రభుత్వం దొంగతనం చేసి రమ్మంటే ఎలా ఉంటుంది?

అలాగని ఫారం చించేసి ఊరుకోవడానికీ లేదు. అక్కడే ఉంది చిక్కంతా.

రెండేళ్ళ కిందట షాపు మెట్ల మీంచి బట్టల మూటతో సహా పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది బొత్తాలక్క. అప్పటి నుంచి పూట పనే. మిగతా పూటకి ప్రభుత్వం నగదు సాయం మంజూరు చేసింది. ఆవిడకి ఖాతా లేకపోవడంతో, ఆవిడ ఉంటున్నది చెల్లెలి ఇంట్లోనే కాబట్టి, ఆ డబ్బు మరిది ఖాతాలో పడేటట్టు రాయించారు. మరిది చెడ్డవాడా అంటే, కాదు. చిల్లరతో సహా ఇచ్చేస్తాడు. ఇచ్చే తీరు మాత్రం ఒక తంతు.

ప్రతి నెలా ఒకటో తారీఖున గడ్డం గీసుకుని, ఇస్త్రీ చేసిన నీలం చొక్కా వేసుకుని, హాల్లో పెద్ద కుర్చీలో కూర్చుంటాడు. వదినని పిలిపిస్తాడు. పక్కింటివాళ్ళు ఉంటే మరీ మంచిది, గొంతు ఇంకాస్త పెరుగుతుంది. "ఉంచండి వదినా, పనికొస్తాయి" అని నోట్లు చేతిలో పెడతాడు, అక్కడికి ఆ సొమ్మంతా తన జేబులోంచే తీసి ఇస్తున్నట్టు. ఆవిడేమో నిలబడి, రెండు చేతులా అందుకుని, "మీ చలవ బాబూ" అనాలి. అనమని ఎవరూ చెప్పలేదు. మొదటి నెల మొహమాటానికి అంది, రెండో నెల అలవాటుగా అంది, మూడో నెల నుంచి ఆయన దాని కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు. ఇప్పటికి ఇరవై నాలుగు చలవలయ్యాయి. ఇరవై అయిదోది గొంతులోంచి రానని మొండికేసింది.

సొంత ఖాతాకి మార్చుకోవాలనుకునేవాళ్ళు ఫలానా శుక్రవారం లోపల మార్చుకోవచ్చు, దాటితే మళ్ళీ ఏడాదికే అని కిందటి నెల ఉత్తరం వచ్చినప్పుడు, మనకెందుకండీ ఆ తలనొప్పి, బాగానే వస్తున్నాయిగా అని మరిది దాన్ని కిటికీలో పడేశాడు. బొత్తాలక్క కిటికీ తుడుస్తూ ఆ ఉత్తరాన్ని మడిచి తన సంచీలో వేసుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. షాపు చిరునామా ఇచ్చి బ్యాంకులో ఖాతా తెరిచింది. పది చెక్కులున్న పుస్తకం షాపుకే వచ్చింది. దాన్ని మాస్టరు చేతికిచ్చి, కత్తిరింపుల బల్ల సొరుగులో పెట్టి తాళం వెయ్యమని, తను అడిగినా ఊరికే ఇవ్వొద్దని చెప్పింది. ఈ మాస్టరు ఆవిడ కళ్ళముందు పెరిగినవాడే, వాళ్ళ నాన్న చేతికింద పని నేర్చుకున్నాడు. ఆవిడేం చెప్పినా ఎందుకని అడగడు.

మంగళవారం, బుధవారం బొత్తాలక్కకి అన్నం సహించలేదు. ఆలోచించగా ఆలోచించగా, ఆ రూల్లో ఏదో ధర్మం ఉందనే అనిపించింది. నీ చెక్కే నువ్వు కొట్టేయాలి అన్నాడు కదా. అంటే, నీ సొమ్ము ఇంకొకరి తాళం కింద ఉంటే, దాన్ని నీ అంతట నువ్వు తెచ్చుకోగలవా లేదా అని పరీక్ష పెడుతున్నారన్నమాట. అడిగి తీసుకుంటే చెల్లదు. అడిగి తీసుకోవడమే కదా ఈ రెండేళ్ళూ చేసింది. ప్రభుత్వం ఎంత దూరం ఆలోచించిందో అని ఆవిడకి కాస్త గౌరవం కూడా కలిగింది.

గురువారం మధ్యాహ్నం మాస్టరు దారపు రీళ్ళు కొనడానికి వెళ్ళాడు. తాళంచెవి ఎక్కడుంటుందో వీధి వీధంతటికీ తెలుసు. కొలతల గదిలో అద్దం వెనక మేకుకి వేలాడుతుంటుంది. బొత్తాలక్క చెప్పులు విప్పేసి, కుంటుకుంటూ పిల్లిలా నడిచింది. పిల్లి కుంటితే ఎంత చప్పుడవుతుందో అంత చప్పుడూ అయింది. సొరుగు లాగితే కీచుమంది. విరిగిన కత్తెర, సుద్దముక్కలు, పాత కొలతల పుస్తకాలు, వాటి అడుగున ఆవిడ చెక్కు పుస్తకం. ఒక్క చెక్కు చింపింది. సొరుగు మూసి, తాళంచెవి మేకుకి తగిలించి, చెక్కుని బొత్తాల డబ్బాలో అడుగున పెట్టి, పైన ఒక గుప్పెడు బొత్తాలు పోసి కూర్చుంది. గుండె కుట్టుమిషన్లా కొట్టుకుంటోంది. భయమో, హుషారో ఆవిడకే తెలియలేదు. నిజం చెప్పాలంటే హుషారే ఎక్కువ.

మాస్టరు తిరిగి వచ్చేసరికి ఆవిడ ఒక చొక్కాకి మణికట్టు బొత్తాన్ని జేబు మీద కుట్టి, మెడ బొత్తాన్ని వీపు మీద కుట్టి, మూడోది ఎక్కడ కుట్టాలా అని చూస్తోంది. ఆయన చొక్కా ఎత్తి పట్టుకుని వెలుతురులో చూశాడు. ఒంట్లో బాగాలేదా అక్కా అని అడిగాడు. అంతే, ఆవిడ డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించింది. బొత్తాలు నాలుగువైపులా దొర్లిపోయాయి, చెక్కు బయటపడింది.

"నీ సొరుగులోంచి కొట్టేశాను మాస్టరూ. నన్నేమన్నా అను, పడతాను. కానీ కొట్టేసిందే కావాలని మూడో కౌంటరాయన అన్నాడు."

మాస్టరు చెక్కు వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. ముందు ఆయన భుజాలు కదిలాయి. తర్వాత మెడలో టేపు జారిపోయింది. ఆ తర్వాత ఆయన బల్ల పట్టుకుని కింద కూర్చుండిపోయి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, చెక్కు కొట్టేయడమంటే ఎత్తుకురావడం కాదే అక్కా, అడ్డంగా రెండు గీతలు కొట్టి మధ్యలో రద్దు అని రాయడమే అని విడమరిచి చెప్పాడు. ఖాతా నంబరు చూసుకోవడానికి మాత్రమే అడుగుతారని, ఎవరూ దాంతో డబ్బు తీసుకోకుండా అలా పాడుచేసి ఇస్తారని అన్నాడు. మాస్టరు వెనకాలే వచ్చి, కొలతల గదిలో చొక్కా ఒక్క చెయ్యే తొడుక్కున్న కస్టమరు తెర పక్కకి లాగి, ఏమైందేమైందని అడిగాడు. చెప్పగానే ఆయనా నవ్వడం మొదలుపెట్టాడు. పిన్నులు పెట్టిన చొక్కా కావడంతో నవ్వినప్పుడల్లా గుచ్చుకుని, అబ్బా అంటూ మళ్ళీ నవ్వాడు.

బొత్తాలక్క కాసేపు కోపంగా ఉందామనుకుంది, కుదరలేదు. గొడుగు పెద్దమనిషి గుర్తొచ్చాడు. చేతివాటం ఉన్న కోడలు గుర్తొచ్చింది. ఇక ఆవిడని ఆపడం ఎవరివల్లా కాలేదు. చాలాకాలమైంది ఆవిడ అలా పొట్ట పట్టుకుని నవ్వి. విరిగిన తుంటి కూడా నొప్పి మర్చిపోయింది.

నవ్వులయ్యాక పని దగ్గరికి వచ్చారు. పెన్ను ఇవ్వబోతే ఆవిడ ఆగమంది. గుర్తు పెట్టకుండా గుడ్డ మీద కత్తెర పెట్టే అలవాటు ఆ షాపులో లేదు. స్కేలు ఆనించి సన్నటి సుద్దతో రెండు గీతలు గీసింది, వాటి మీద పెన్నుతో దిద్దింది, సుద్ద ఊదేసింది. గీతల మధ్య 'రద్దు' అని రాయడానికి ముందు ఒక్క క్షణం చెయ్యి ఆగింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత తన పేరు అచ్చయిన మొదటి చెక్కు, దాన్నే పాడుచెయ్యాలంటే మనసొప్పలేదు పాపం. మిగిలిన తొమ్మిదీ నీవే కదక్కా అన్నాడు మాస్టరు. అది నిజమే అనిపించి రాసేసింది.

శుక్రవారం పొద్దున కౌంటరు తెరవకముందే వెళ్ళి మొదట నిలబడింది. గుమాస్తా చెక్కుని దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇంత నీటుగా కొట్టేసిన చెక్కు నేనింతవరకూ చూడలేదమ్మా. ఎవరు కొట్టేశారు?"

"నేనే బాబూ," అంది బొత్తాలక్క. "రెండుసార్లు కొట్టేశాను."

ఆయనకి అర్థం కాలేదు, అయినా ముద్ర వేసి రసీదు ఇచ్చాడు.

ఒకటో తారీఖు రానే వచ్చింది. పొద్దున్నే వంటింట్లో ఉండగా బొత్తాలక్క ఫోను టింగుమంది. చేతులు తుడుచుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. తన పేరు, తన ఖాతా, తన డబ్బు. చెల్లెలు అటు తిరిగి ఉండటం చూసి, అక్కడికక్కడే కుంటికాలితో చిన్న గంతు వేసింది.

హాల్లో మరిది అప్పటికే కుర్చీలో ఉన్నాడు. నున్నటి గడ్డం, నీలం చొక్కా. ఆ చొక్కా మూడో బొత్తాం కొన్ని నెలలుగా ఒంటి దారం మీద వేలాడుతోంది. ఊళ్ళో అందరి బొత్తాలూ కుట్టే మనిషి ఇంట్లో ఉండి కూడా ఆవిడ దాని జోలికి పోలేదు. తీసుకున్నదానికి బదులు తీర్చినట్టు అవుతుందని ఆవిడ పట్టుదల. ఈ రోజు కోసం మూడు వారాలుగా ఒక పెద్ద ఉపన్యాసం కూడా తయారు చేసుకుంది. అందులో చలవ అనే మాట నాలుగుసార్లు వస్తుంది, ఒక్కసారీ మర్యాదగా రాదు.

మరిది తన ఫోను వంక చూస్తూ, మళ్ళీ చూస్తూ, వదినని పిలిచాడు. ఆయన గొంతు ఎప్పటిలా లేదు.

"ఈ నెల ఎందుకో ఇంకా పడలేదు వదినా. మీరేం కంగారు పడకండి. ఈలోగా ఇవి ఉంచండి, నా దగ్గరివే."

నిజంగానే జేబులోంచి తీశాడు. పక్కింటివాళ్ళెవరూ లేరు, వినేవాళ్ళూ లేరు. ఉపన్యాసం కాస్తా బొత్తాలక్క నాలిక మీదే ఆవిరైపోయింది.

"వద్దు బాబూ. నావి పడ్డాయి."

"ఎక్కడ?"

"నా ఖాతాలో." ఫోను చూపించింది. "తొమ్మిది చెక్కులు కూడా ఉన్నాయి."

ఆయన రెండుసార్లు చదివాడు. నోట్లు తిరిగి జేబులో పెట్టుకోవాలో, చేతిలోనే ఉంచుకోవాలో తెలియక అలాగే కూర్చుండిపోయాడు. బొత్తాలక్కకి పట్టరాని సంతోషం వేసింది, అందులో దాచేదేం లేదు. కానీ ఆ ఖాళీ మొహం చూస్తే జాలి కూడా వేసింది. మరి ఈ మనిషి ఇక ఒకటో తారీఖున గడ్డం ఎవరి కోసం గీసుకుంటాడు?

డబ్బా తెచ్చుకుంది. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. కదిలితే గుచ్చుకుంటుందని చెప్పి, ఆయన ఒంటి మీద ఉండగానే పాత దారం తెంపి, నాలుగు రంధ్రాల్లోంచీ సూది పోనిచ్చి, అడుగున మూడు చుట్లు చుట్టి, ముడేసి, దారం కొరికింది. ఆయన ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. తర్వాత డబ్బాలో వేలుపెట్టి వెతికి, అదే నీలం, అదే సైజు బొత్తాం ఇంకొకటి తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"ఉంచండి బాబూ, పనికొస్తుంది."

మరిది ఆ బొత్తాన్ని కాసేపు చూసి గుప్పిట మూశాడు. ఒకటో తారీఖున ఆ హాల్లో ఎవరో ఒకరు అనాల్సిన మాటే కాబోలు, ఆయన నోటికి దానంతటదే వచ్చేసింది.

"మీ చలవ వదినా."

బొత్తాలక్క డబ్బా మూత పెట్టింది. నవ్వు ఆపుకోవడానికి కాస్త గట్టిగానే నొక్కాల్సి వచ్చింది.