అప్పుడు మీ చేతిలో ఏముంది?

మా ఆకాశం బాబాయ్‌కి ఒకటే జబ్బు. ఆకాశంలో మనిషి ఎగురుతూ పోవడం చూశామని ఎవరైనా చెబితే చాలు, వాళ్లు ఆ క్షణంలో ఎక్కడ నిలబడ్డారో అక్కడే నిలబడి, ఏం తొడుక్కున్నారో అదే తొడుక్కుని, చేతిలో ఏముందో అదే పట్టుకుని, నోట్లో ఏమైనా ఉంటే దాన్ని కూడా నోట్లో వేసుకుని, అప్పుడు తలెత్తి పైకి చూడాలి. అంతవరకూ ఆయనకి నిద్ర పట్టదు. మాకు పట్టనివ్వడు.

ఆయన నాకు సొంత బాబాయేమీ కాదు. మా చానల్లో గేటు కాపలావాడి దగ్గర్నుంచి బాసు దాకా అందరికీ బాబాయే. ‘ఎగిరిందెవరు?’ అని వారానికోసారి వచ్చే మా కార్యక్రమానికి ఆయన పరిశోధకుడు, నేను ఎడిటర్ని. ఆయన ఊరంతా తిరిగి పోగుచేసుకొచ్చినదాన్ని నేనొక గదిలో కూర్చుని కత్తిరించి అతికిస్తాను. కూర్చోవడమనే విద్య మా ఇద్దరిలో నాకొక్కదానికే వచ్చు. బాబాయ్ కాలుగాలిన పిల్లి. టీ నిలబడి తాగుతాడు. భోజనం నడుస్తూ చేస్తాడు. లిఫ్టు కోసం ఆగలేక మెట్లెక్కి పైకి వెళ్లి, లిఫ్టు వచ్చిందో లేదో చూడటానికి మళ్లీ కిందికొస్తాడు.

ఆయన పని మొదలయ్యే తీరు ఎప్పుడూ ఒకటే. ఒకసారి ఒక ముసలామె తన డాబా మీదుగా తెల్లటి మనిషి ఎగిరిపోయాడని ఫోన్ చేసింది. అందరూ అడిగే ప్రశ్నలేవీ బాబాయ్ అడగలేదు.

“అప్పుడు మీ చేతిలో ఏముంది?”

“ఎప్పుడు బాబూ?”

“ఆ మనిషి ఎగిరినప్పుడు.”

“దుప్పటి. ఆరేస్తున్నా.”

“తడిదా, పొడిదా?”

“పొడిది ఎవరైనా ఆరేస్తారా?”

“అయితే తడిపి ఇవ్వండమ్మా.”

ఆ తడి దుప్పటి భుజాన వేసుకుని ఆయన పూటంతా డాబా మీద అటూ ఇటూ తిరిగాడు. చొక్కా తడిసింది, ప్యాంటు తడిసింది, మైకు తడిసి పాడయింది. సాయంత్రానికి తేలిందేమిటంటే, పక్క వీధిలో కడుతున్న ఇంటి మీంచి ప్లాస్టిక్ పట్టా ఒకటి గాలికి లేచిపోయింది. ఆ వారం జనం బాబాయ్ తుమ్ముల్ని చూసి పడీపడీ నవ్వారు. ముసలామె డాబా మీద నవ్వుతూ మళ్లీ దుప్పట్లు ఆరేసుకుంది.

ఇంకోసారి సాక్షి ఒక గుమాస్తా. మంగలి కుర్చీలో కూర్చుని ఉండగా అద్దంలో ఎగిరే మనిషి కనిపించాడట. అప్పటికి సగం గడ్డమే గీయడం అయింది. బాబాయ్ ఏం చేసి ఉంటాడో మీరు ఊహించేశారు. సగం గడ్డం, సగం మీసం తీయించుకుని, మిగతా సగానికి నురగతో ఆ కుర్చీలో నాలుగు రకాలుగా మెడ తిప్పి చూశాడు. అసలు దొంగ దొరకలేదు. “తెలియలేదండీ” అని కెమెరా ముందు నిజాయితీగా ఒప్పుకున్నాడు. మర్నాడు అదే సగం మీసంతో ఆఫీసుకొస్తే మా బాసు ఆయన్ని గుర్తుపట్టలేక నమస్కారం పెట్టాడు.

ఇవన్నీ మీకు నవ్వుగానే ఉంటాయి. కత్తిరించాల్సినదాన్ని కాబట్టి నాకు మాత్రం తలప్రాణం తోకకొచ్చేది. ఎందుకంటే ఈయన సాక్షి పక్కన నిలబడి ఊరుకోడు. సాక్షి మాట్లాడుతుంటే వెనకనుంచి ఆయన చెయ్యి వస్తుంది, లేకపోతే మోచెయ్యి, అదీ కాకపోతే చెవి. కెమెరామన్ పక్కకు జరిగితే ఆయనా జరుగుతాడు.

“బాబాయ్, సాక్షి ఒక్కరే ఉన్న షాటు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తీసుకురండి. మీ కాళ్లు పట్టుకుంటాను.”

“అలాగే అమ్మాయ్. అదెంత భాగ్యం.”

మళ్లీ వారం కూడా అదే మోచెయ్యి వచ్చేది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషితో ఎవరు వేగగలరు.

ఇలా ఉండగా డ్రైవరమ్మ సంగతి వచ్చింది.

ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. ఏళ్ల తరబడి చిన్న గీత కూడా పడకుండా బండి నడిపిన మనిషి. ఒక మధ్యాహ్నం మార్కెట్ మలుపు దగ్గర ఉన్నట్టుండి బ్రేకు తొక్కేసింది. లోపలివాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. దెబ్బలేవీ తగల్లేదు కానీ, ఎందుకు తొక్కావమ్మా అని అడిగితే ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆకాశంలో మనిషి పోయాడు, చేతులు చాచాడు, కాళ్లు ఆడించాడు, మీద పడతాడేమోనని ఆపాను అంది. డిపో వాళ్లు మలుపు దగ్గరికి వెళ్లి, రోడ్డు మీద నిలబడి చూసొచ్చారు. ఏమీ కనబడలేదు. దాంతో మేనేజరు ఆవిణ్ని బండి దింపేసి, జనం బస్సుల్లో మరిచిపోయిన గొడుగులూ సంచులూ సర్దే గదిలో కూర్చోబెట్టాడు.

మావాళ్లు కెమెరాతో వెళ్లేసరికి ఆవిడ గొడుగుల మధ్య ఉంది. బాబాయ్ గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

“అప్పుడు మీ చేతిలో ఏముందమ్మా?”

“స్టీరింగు సార్.”

“నోట్లో?”

“పిప్పరమెంటు. మధ్యాహ్నంపూట కునుకు రాకుండా వేసుకుంటా.”

“కళ్లజోడు ఇదేనా? కింద దిండు ఉందా? మెడ మీద తువ్వాలు?”

అన్నింటికీ జవాబు చెప్పాక ఆవిడ చిన్నగా అంది. “నాకు బండి నడపడం తప్ప ఇంకో పని రాదు సార్. తప్పు చేశానంటే ఒప్పుకుంటా. పిచ్చిదన్నా ఓర్చుకుంటా. కానీ ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ నన్ను చూసి నవ్వుతుంటే మాత్రం ఆ సీట్లో కూర్చోలేను.”

బాబాయ్ ఒక గొడుగు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు.

తర్వాతి వారం, ఆవిడ బ్రేకు తొక్కిన రోజునే, అదే వేళకి డిపో వాళ్లని బతిమాలి అదే బస్సుని మలుపు దగ్గర ఆపించాడు. తర్వాత జరిగింది మా ఆఫీసుకి ఫోన్లో తెలిసింది. చేసింది కెమెరామన్.

“బాబాయ్ కూర్చున్నాడు.”

“ఏంటీ?”

“డ్రైవరు సీట్లో. కూర్చునే ఉన్నాడు. ఇంకా లేవలేదు.”

వార్త ఆఫీసంతా పాకింది. ఆస్పత్రికి తీసుకెళ్లండని ఒకరన్నారు. ఇక్కడ ఇంతమంది ఇన్ని మాటలంటుంటే, అక్కడ ఆవిడ కళ్లజోడు ముక్కు చివర నిలబెట్టుకుని, ఆవిడ దిండు మీద, ఆవిడ తువ్వాలు మెడన వేసుకుని, పిప్పరమెంటు బుగ్గన పెట్టుకుని బాబాయ్ స్టీరింగు పట్టుకుని అలాగే ఉన్నాడు. కుదురుగా అని మాత్రం అనలేను. మోకాళ్లు ఒకటే ఊపడంతో ఆగి ఉన్న బస్సు కూడా ఊగుతోందట. అది బయల్దేరుతోందనుకుని దారినపోయేవాళ్లు ఎక్కి కూర్చోవడం మొదలుపెట్టారు.

“ఎప్పుడు కదులుతుందయ్యా బండి?”

“మనిషి ఎగిరాక కదులుతుందండీ.”

ఎండ కాస్త పక్కకు వాలింది. అంతే, ముందు అద్దంలోంచి చూస్తుండగానే, రోడ్డుకి అడ్డంగా, మేడల ఎత్తున, నారింజ రంగు మనిషొకడు చేతులు చాచి కాళ్లు ఆడిస్తూ సర్రున పోయాడు. బాబాయ్ కేక పెట్టాడు. ఆగి ఉన్న బండికి రెండు కాళ్లతో బ్రేకు తొక్కాడు. మోచెయ్యి హారను మీద పడింది, కళ్లజోడు ఒళ్లో పడింది, పిప్పరమెంటు గొంతుకి అడ్డం పడింది. బస్సులోవాళ్లకి ఏమీ కనబడలేదు. కిందికి దిగి చూస్తే అసలే కనబడలేదు, రోడ్డు మీదున్నవాళ్లకి ఒక పెద్ద షాపు బోర్డు అడ్డం. ఆ బోర్డుకీ మేడ గోడకీ మధ్య ఉన్న సందు డ్రైవరు సీటు ఎత్తుకి మాత్రమే సూటిగా వస్తుంది.

గొంతు సర్దుకోగానే ఆయన ఆ మేడ పైకి పరుగెత్తాడు. అక్కడ బట్టలుతికే దుకాణం వాళ్లు ఉన్నారు. మధ్యాహ్నం దాటితే వాళ్ల డాబా మీద నీడ పడుతుంది, ఎదురు డాబా మీద ఎండ ఉంటుంది. తడి బట్టలు మోసుకుంటూ అన్ని మెట్లు దిగి, రోడ్డు దాటి, మళ్లీ ఎక్కలేక, రెండు డాబాలకీ మధ్య తీగ కట్టి, కప్పీ మీద జారవిడుస్తున్నారు. ఆ రోజు ఫ్యాక్టరీ బట్టల వంతు. మెడ నుంచి మడమ దాకా ఒకటే ముక్కగా కుట్టిన నారింజ రంగు పనిబట్టలు. గాలి దూరితే అవి అచ్చం మనుషులే.

“మరి డిపో వాళ్లు వచ్చినప్పుడు చెప్పలేదేమండీ?” అని బాబాయ్ అడిగాడు.

“పైకి ఎవరొచ్చారు బాబూ?” అంది దుకాణం ఆవిడ, ఇంకో మనిషిని తీగకి తగిలిస్తూ.

నిజం తేలింది. డిపో మేనేజరు కూడా ఒప్పుకున్నాడు. కానీ బండి ఇస్తాడో లేదో తేల్చలేదు. “చూసింది నిజమే అనుకోండి. రేపు టీవీలో వచ్చాక ఊరంతా ప్యాంటుని చూసి జడుసుకున్న డ్రైవరని ఎగతాళి చేస్తే? జనం నవ్వే డ్రైవరుకి బండి ఎలా ఇవ్వను? ముందు మీది రానివ్వండి, తర్వాత చూద్దాం” అన్నాడు.

ఇటు మా బాసు నా గదిలోకొచ్చి చేతులు రుద్దుకున్నాడు. “దయ్యం ఎటూ పోయింది. ఇక మిగిలింది నవ్వే. ఆ డ్రైవరమ్మ ‘కాళ్లు ఆడించాడు’ అంటుంది చూడు, దాన్ని మళ్లీ మళ్లీ వెయ్యి. వెనక పీపీమని ఏదైనా సంగీతం పెట్టు. చివర్లో ప్యాంటు చూపించు. రేపటినుంచి గంటగంటకీ వెయ్యాలి.”

నాకు ఒళ్లు మండింది. కానీ చెప్పింది ఆయన, చెయ్యాల్సింది నేను. డ్రైవరమ్మ ఒక్కర్తే ఉన్న ముక్క కోసం వెతకడం మొదలుపెట్టాను. ఎంత వెతికినా దొరకలేదు. ‘చేతులు చాచాడు’ అని ఆవిడ చెబుతుంటే పక్కన బాబాయ్ ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చేతులు చాచి ఉన్నాడు. ‘కాళ్లు ఆడించాడు’ అన్నచోట వెనక గొడుగుల గుట్ట మీద వెల్లకిలా పడుకుని కాళ్లు ఆడిస్తున్నాడు. ఆవిడ కళ్లు చెమర్చిన చోట సరిగ్గా కెమెరాకి అడ్డంగా గొడుగు తెరుచుకుంది. కనీసం గొంతు వేరు చేద్దామంటే, ప్రతి మాట మీదా “ఇలాగా అమ్మా? ఇలాగా?” అని ఆయన గొంతు పడి ఉంది. చూసేవాళ్ల కళ్లు ఆయన మీదినుంచి ఆవిడ మీదికి వెళ్లే వీలే లేదు.

నేను పాత భాగాలు తీసి వేసుకున్నాను. ముసలామె దుప్పటిది చూశాను, గుమాస్తా గడ్డంది చూశాను. ఏ ఒక్కదాంట్లోనూ సాక్షి ఒంటరిగా లేరు. ఆ గుమాస్తా ముఖం నాకే గుర్తు లేదు. బాబాయ్ సగం మీసం ఊరంతటికీ గుర్తుంది. ఇన్నాళ్లూ నేను తిట్టుకున్న ఆ మోచెయ్యి మీద నాకు ఉన్నట్టుండి చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

ఫోన్ చేశాను. అవతల ఆయన ఎక్కడో మెట్లెక్కుతున్న చప్పుడు.

“బాబాయ్, డ్రైవరమ్మ ఒక్కర్తే ఉన్న ముక్క ఒక్కటీ లేదు.”

“అడ్డం పడ్డానా అమ్మాయ్? కుదురు లేనివాణ్ని, ఏం చెయ్యను.”

“కావాలనే పడ్డారు.”

మెట్ల చప్పుడు ఆగింది. “ఆవిడ పక్కన నేను బాగా పిచ్చివాడిలా ఉన్నానా?”

“చాలా. ఆవిడసలు ఎవరికీ కనబడదు.”

“అయితే ఇంకేం. పీపీ గట్టిగా పెట్టు.”

గట్టిగానే పెట్టాను. బాబాయ్ కాళ్లు ఆడించడం, ఆగి ఉన్న బండికి బ్రేకు తొక్కడం, పిప్పరమెంటుతో ఉక్కిరిబిక్కిరి కావడం, చివర్లో ప్యాంటు. బాసు చూసి కడుపు పట్టుకుని నవ్వి, డ్రైవరమ్మ ఏదని అడగడమే మరిచిపోయాడు. ఊరూ నవ్వింది. డిపో మేనేజరు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, ఆవిణ్ని పిలిచి తాళాలిచ్చాడట. “పోయి బండి తీయమ్మా. ఆ టీవీ ఆయన కంటే నువ్వే నయం, కదిలే బండికి బ్రేకు తొక్కావు” అన్నాడట.

మొన్న నేనూ బాబాయ్ ఆ బస్సే ఎక్కాం. సీట్లు ఖాళీగా ఉన్నా ఆయన నిలబడే ఉన్నాడు. మార్కెట్ మలుపు దగ్గర పడుతుంటే, కాలీఫ్లవర్ సంచి ఒళ్లో పెట్టుకున్న పెద్దమనిషి పక్కవాణ్ని మోచేత్తో పొడిచాడు.

“ఆకాశంలో మనిషిని చూసింది ఈ డ్రైవరమ్మే కదూ?”

అద్దంలో డ్రైవరమ్మ ముఖం బిగుసుకోవడం నాకు కనబడింది. బాబాయ్ అప్పటికే అక్కడికి చేరిపోయాడు.

“ఆవిడ కాదండీ, నేను.”

“మీరా?”

“నేనే. ప్యాంటుని చూసి కేక పెట్టాను. ఆ సంచి ఇటివ్వండి, చూపిస్తా. ఇది స్టీరింగు అనుకోండి.”

కాలీఫ్లవర్లు బస్సంతా దొర్లాయి. వెనక సీటువాళ్లు లేచి నిలబడి మరీ నవ్వారు. సరిగ్గా అప్పుడే పైన నారింజ రంగు మనిషొకడు చేతులు చాచుకుని రోడ్డు దాటాడట. ఆ సందు మాకెటూ కనబడదు, పైగా అందరం బాబాయ్‌నే చూస్తున్నాం. డ్రైవరమ్మ ఒక్కర్తే చూసి, అతనికి చిన్నగా హారన్ కొట్టి, నవ్వుతూ మలుపు తిప్పింది.