చుట్ట చుట్టిన గేదె

నిన్న ఒకాయన మా కొట్టుకొచ్చి, మేనల్లుడి పుట్టినరోజు ఫ్లెక్సీ పది నిమిషాల్లో కావాలన్నాడు. మధ్యలో కాస్త ఖాళీ వదిలితే, "ఏంటండీ బాబూ, అక్కడ మా బావమరిది పట్టడా?" అని కోప్పడ్డాడు. పట్టించాను. తెనాలిలో ఇన్నేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుని నేను చేస్తున్న కళాసేవ ఇదే. ఫ్లెక్సీ చుట్ట చుట్టి ఆయన చేతిలో పెడుతుంటే మాస్టారు గుర్తొచ్చి నవ్వాగలేదు. తనను చూసే నవ్వాననుకుని ఆయన మరింత మండిపడ్డాడు.

మాస్టారంటే రేపల్లెలో నాకు బొమ్మలు నేర్పిన డ్రాయింగు మాస్టారు. కొట్టు పెట్టానని స్వీటు పట్టుకెళ్తే, స్వీటు తిని, "ఇవి బోర్డులురా, బొమ్మలు కావు" అన్నారు. ఒళ్లు మండింది. ఆ మాట అరికాలి ముల్లులా ఏళ్ల తరబడి సలుపుతూనే ఉంది. చివరికి, ఆయన నోటితోనే 'బొమ్మ' అనిపించుకోవాలని పంతం పట్టి తైలవర్ణాలు కొన్నాను. కలలో చూసినట్టుండే అధివాస్తవిక చిత్రం వేద్దామనుకున్నాను. పెనుమూడి వంతెన కింద కృష్ణకు బదులు ఆకాశం పారుతుంటుంది; అందులో ఒక గేదె, ఒంటినిండా కిటికీలతో, తాపీగా ఈదుతుంటుంది. గీత తప్పినప్పుడల్లా, దాన్ని వెనక్కి లాగే మీట కోసం నా ఎడమ చెయ్యి గాల్లో కీబోర్డును తడుముకునేది. అది చూసి మా ఆవిడ, "ఎవర్నండీ పిలుస్తున్నారు?" అనేది.

బాపట్లలో చిత్రప్రదర్శన ఉందంటే పేరిచ్చాను. మోకాళ్ల నొప్పులతో వీధి దాటని మాస్టారు కూడా వస్తానన్నారు. ప్రదర్శన రోజు పొద్దున బొమ్మ అంచు ముట్టుకుని చూశాను, వేలికి అంటలేదు. ఇంకేం, చట్రం నుంచి ఊడదీసి, ఫ్లెక్సీని చుట్టినట్టే బిగించి చుట్టి, చంకన పెట్టుకుని రైలెక్కాను. మా వృత్తిలో పని పూర్తయితే చేతులు వాటంతటవే చుట్టేస్తాయి. గేదెకి దట్టంగా పూసిన రంగు ఆరడానికి నెలలు పడుతుందని బుర్రకి తట్టనే లేదు.

అక్కడ విప్పి చూశాను. గేదెలో సగం కాన్వాసు గుడ్డ వెనక వైపుకి అంటుకుపోయింది. మిగతా సగం వంతెన మీదుగా సాగిపోయింది. తీసుకుని పారిపోదామనుకునేలోపే నిర్వాహకులు గోడకు తగిలించేశారు. ఖద్దరు చొక్కా పెద్దాయనొకరు చాలాసేపు చూసి, "అబ్బ! పశువు కరిగి శూన్యమైపోతోంది. ఎంత తపస్సు చేశారండీ!" అన్నారు. సిగ్గులేకుండా చేతులు జోడించాను. పక్కకి తిరిగితే మాస్టారు.

ఆయన బొమ్మ కింది అంచు ఎత్తి వెనక చూశారు. అక్కడ మిగతా గేదె, కిటికీలతో సహా ఉంది.

"చుట్టావురా?"

"చుట్టానండి."

"ఆరకుండానే?"

"అవునండి." ఇంత వయసొచ్చినవాణ్ణి, ఏడుపొచ్చేసింది.

మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వీ నవ్వీ, కళ్లజోడు తుడుచుకుని, బొమ్మ మీదికి వంగారు. పల్చటి రంగుతో వేసిన గేదె తోక ఒక్కటే చెక్కుచెదరకుండా మిగిలింది. ఈగను తోలబోతున్నట్టు కాస్త పైకి లేచి ఉంది.

"ఇది మాత్రం బొమ్మరా" అన్నారు.

ఇన్నేళ్లలో నేను చేసిన ఫ్లెక్సీలన్నీ ఎండకు వెలిసి, ఎవరి గడ్డివాముల మీదో పట్టాలయ్యాయి. ఆ కాలమంతా ఎటుపోయిందో చెప్పలేను గానీ, జానెడు తోక వేసిన ఆ మూడు సాయంత్రాలు ఎక్కడున్నాయో మాత్రం నాకు తెలుసు.